కొసరుగా ఇచ్చిన ముఖం

ఇన్నేళ్లుగా ఒక ముఖాన్ని మోస్తున్నాను. కంచు ముఖం. నిజానికి దాన్ని నేను ఒక్కసారి కూడా చేత్తో తాకలేదు. తాకలేదు కాబట్టే తప్పించుకున్నాను. తప్పించుకున్నాను కాబట్టే ఇంకా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదీ మంచిదే. తెలిసినవాళ్లకు చెప్పబోతే నాలో బేరగాడు లేచి కూర్చుంటాడు. తప్పును కొంచెం తగ్గించి చెబుతాను. ఎదుటివాళ్ల మొహం చూసి ఇంకొంచెం తగ్గిస్తాను. చివరికి ఆ తప్పు చేసింది ఎవరో దారిన పోయే మనిషి అయిపోతాడు. రాయగడ బజారులో మా నాన్న కిరాణా కొట్టులో, బస్తాల మధ్య పెరిగినవాణ్ణి. పాత సరుకును మాటతో కొత్తది చేయడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. అందుకే కాగితం మీద, మీ మొహం కనబడకుండా చెబుతున్నాను.

నా పని కొలవడం. నా లేజర్ స్కానర్ ఇస్త్రీపెట్టె అంత ఉంటుంది. చేత్తో పట్టుకుని వస్తువు చుట్టూ తిప్పుతుంటే నీలి గీతలు దాని మీద పాకుతాయి. వెంట్రుకవాసి తేడా లేకుండా ఆ వస్తువు రూపం లాప్‌టాప్ తెర మీద లేస్తుంది. కోరాపుట్ వైపు టౌన్‌షిప్పుల్లోని ఫ్యాక్టరీలు, రాయగడ మిల్లులు, అందరికీ నాతో పని పడుతుంది. అరిగిపోయిన పంపు రెక్క, డ్రాయింగు పోయిన పాత గేరు, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడ్డ ఏదో ఒక మూత. నేను వెళ్లి దాని రూపం తీసుకొస్తాను, వాళ్లు అలాంటిదే ఇంకొకటి చేయించుకుంటారు. ఈ వృత్తిలో యంత్రం కంటే విలువైనది గేటు పాసు. నేను తీసిన రూపం నా పెట్టె దాటి పోదని నమ్మితేనే గేటు తెరుస్తారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నా పిరికితనం మొత్తం ఆ గేటు దగ్గరే నిలబడి ఉంది.

బంధుగాం దాటాక కొండ వార ఒక ఊరు. ఆ ఊరి అమ్మవారిని ఠాకురాణి అంటారు. ఆమెకు విగ్రహం లేదు, కంచుతో పోసిన ముఖం మాత్రమే. చైత్రంలో పండగనాడు దాన్ని పొడవాటి కర్రకు కట్టి ఊరంతా తిప్పుతారు. మిగతా రోజులు చెక్కపెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె తాళం అప్పలస్వామి మొలతాడుకు వేలాడేది. అంతకు ముందు ఆయన తండ్రి మొలతాడుకు, ఆయన తాత మొలతాడుకు. ఆ ఇంటి పెద్ద తప్ప ఇంకెవరూ అమ్మవారిని ముట్టుకోకూడదు. ఆ తాళం లేకపోతే ఆయన కూడా ఊళ్లో అందరిలాంటి ఒక రైతే. తాళం ఉండబట్టి ఆయన వస్తుంటే మనుషులు పక్కకు జరిగేవారు.

ఒక ఏడు ఊరేగింపులో కర్ర జారింది. ముఖం రాతి మీద పడి ఎడమ చెంప నుంచి గడ్డం దాకా పగిలింది. కంచరులు అతుకుతామన్నారు గాని, వేడికి ముఖం వంకరపోకుండా వెనక నుంచి అచ్చంగా సరిపోయే ఇనుప దన్ను ఒకటి కావాలన్నారు. ముట్టుకోకుండా కొలత ఎలా? ఎవరో నా పేరు చెప్పారు.

పగిలిన అమ్మవారిని గుడిలో ఉంచకూడదని అప్పటికి అప్పలస్వామి ఇంట్లోనే ఉంచారు. నేను అక్కడికే వెళ్లాను. పీట మీద పసుపు గుడ్డ, దాని మీద ఆ ముఖం. పెద్ద కళ్లు, బిగించిన పెదవులు. నన్ను చూసి ఏదో అడగబోయి ఆగినట్టు ఉంది. అప్పలస్వామి నన్నూ నా యంత్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ముట్టుకోకుండా కొలిసీస్తావేటి బావూ? మీ కొట్లో బెల్లం కూడా ఇలగే తూస్తారా?"

"ముట్టుకోకుండా డబ్బులు తీసుకోడం ఒక్కటే రాలేదు తాతా ఇంకా" అన్నాను. నవ్వాడు. అలా మొదలైంది.

యంత్రానికి దారి తెలియడానికి వస్తువు మీద చిన్న చిన్న గుండ్రటి స్టికర్లు అంటించాలి. నేను ముట్టుకోకూడదు కదా, ఆయన చేతనే అంటింపజేశాను. నుదుటి మీద ఒకటి, ముక్కు పక్కన ఒకటి, చెంపల మీద, గడ్డం కింద. స్టికరు అన్న మాట ఆయన నోటికి పట్టలేదు. బొట్టు అన్నాడు. "ఇంకెక్కడెట్టాలి బావూ బొట్టు?" అని అడుగుతూ, ఒక్కొక్కటి పెట్టేముందు వేలిని తన పంచెకు తుడుచుకుంటూ, నెమ్మదిగా పెట్టాడు. అన్నీ పెట్టాక కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు. పెళ్లికూతురిని చేసినట్టుంది అన్నాడు.

నీలి గీతలు ముఖం మీద పాకాయి. తెర మీద ఠాకురాణి లేచింది. బూడిద రంగులో, కళ్లు తెరుచుకుని. అప్పలస్వామి గభాలున చేతులు జోడించాడు.

"లోనికెలిపోనాదేటి అమ్మోరు?"

"బొమ్మే తాతా."

"బొమ్మైనా సరే. ఈ రూపు ఊరు దాటీకూడదు. ఎవులికీ ఇయ్యకు."

"ఎవరికిస్తాను తాతా? నా పెట్టెలోనే ఉంటాది."

స్టికర్లన్నీ ఆయనే ఒలిచి తీశాడు. దన్ను సరిగ్గా కుదిరింది. అప్పలస్వామే ముఖాన్ని దన్ను మీద అమర్చి ఇస్తే, కంచరులు చేత్తో ముట్టుకోకుండా ఊరందరి ముందు గుడి అరుగు మీదే పగులు అతికారు. ఆ ఊరు నాకు భోజనం పెట్టింది, కొత్త తువ్వాలు కప్పింది. ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! ఆగిపోయే కథలు ఎవరూ ఒప్పుకోలుగా రాయరనుకోండి.

కొన్ని నెలలకు ఒక వ్యాపారి వచ్చాడు. విశాఖ వైపు మనిషి. హోటళ్లకూ పెద్ద ఇళ్లకూ ఇత్తడి అలంకరణ సామాను చేయించి అమ్ముతాడు. ఏదో పాత బంగళా తలుపుల నుంచి పీకిన పిడులు తెచ్చి, వాటి రూపాలు తీసిమ్మన్నాడు. బేరం మొదలైంది. అతనూ కొట్టులో పెరిగినవాడే అని రెండో మాటకే తెలిసిపోయింది నాకు. లేచి వెళ్లిపోతున్నట్టు నటించాడు. నేను లాప్‌టాప్ మూసేస్తున్నట్టు నటించాను. అలాంటి జోడీ దొరికితే నాకు ఆకలి కూడా గుర్తుండదు. చివరికి నేను అన్న ధరకే వచ్చాడు. వచ్చి, చేయి కలుపుతూ అన్నాడు:

"మరి కొసరు లేదా గురువుగారూ?"

కొసరు. మా నాన్న ఏ తూకం తూచినా, పొట్లం కట్టేముందు చిటికెడు పైన వేసేవాడు. అది వేయకపోతే కొనేవాడు ఓడిపోయినట్టు, వేస్తే ఇద్దరూ గెలిచినట్టు. అమ్మేవాడికి పెద్దగా పోయేదేమీ ఉండకూడదు, కొనేవాడికి మాత్రం కళ్లు మెరవాలి. మంచి కొసరంటే అదీ. అతని చూపు అప్పటికే నా తెర మీద ఉంది. పాత పనులు చూపించడానికి నేనే తెరిచి పెట్టిన రూపాల్లో ఒకటి అక్కడ మెల్లగా తిరుగుతోంది. పెద్ద కళ్లు, బిగించిన పెదవులు.

"ఇదేంటండీ, భలే ఉందే" అన్నాడు.

ఒక్క క్షణం ఆగానా? ఆగాననే చెప్పాలనిపిస్తుంది. ఆగలేదు. నా జేబులోంచి ఏమీ పోదు కదా, అసలు ముఖం ఎక్కడి పెట్టెలో అక్కడే ఉంటుంది కదా అని అనుకోవడానికి కూడా నాకు సమయం పట్టలేదు. అది నా చేతివేళ్లకే తెలిసిన లెక్క. అతని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేశాను. చిటికెడు బెల్లం వేసినట్టు.

మరుసటి వేసవి ఆ ఊళ్లో పిల్లలకు ఆటలమ్మ పోసింది. ఒక ఇంటి తరవాత ఒక ఇల్లు. గడపలకు వేపమండలు కట్టుకుని ఊరంతా భయంభయంగా ఉన్న రోజుల్లో, పనికోసం కోరాపుట్ వెళ్లిన కుర్రాడొకడు అక్కడి ఎగ్జిబిషన్ దుకాణంలో ఠాకురాణిని చూశాడు. గోడకు వేలాడదీసుకునే ఇత్తడి ముఖం. కొని, తువ్వాల్లో చుట్టి ఊరికి తెచ్చాడు. ఊరి పెద్ద నాకు కబురు పెట్టాడు. అందరూ నాయుడు తాత అనే ముసలాయన. "మిసను బావుని కూడా రమ్మనండి" అన్నాడట. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. చూడండి, అప్పటికే నేను అనుమానం గురించి ఆలోచిస్తున్నాను.

గుడి అరుగు మీద ఆ ఇత్తడి ముఖం పెట్టి ఉంది. చూడగానే నా ఫైలే అని తెలిసిపోయింది. ఎడమ చెంప మీద పగులు అలాగే ఉంది. నేను రూపం తీసేనాటికి ఇంకా అతకలేదు. పాత వస్తువులా కనబడుతుందని ఆ వ్యాపారి దాన్ని అలాగే ఉంచేశాడు. ఇంకా ఉంది. స్టికర్ల కింద ఏముందో నా యంత్రానికి కనబడదు, చుట్టుపక్కల చూసి అక్కడ నున్నగా పూడ్చేస్తుంది. నేను ఆ పూడికలను సరిచేయలేదు. పగులు ఎలా పోయిందో చూడటానికే ముందు వైపు తీశాను, దన్ను వెనక వైపుకే కదా, ముందు వైపు ఎవరు చూస్తారని వదిలేశాను. ఇప్పుడు గరుకైన ఆ ముఖం మీద నున్నటి గుండ్రటి మచ్చలు. నుదుటి మీద, ముక్కు పక్కన, చెంపల మీద, గడ్డం కింద.

ఊరికి అవి ఆటలమ్మ మచ్చలు. అమ్మవారి రూపాన్ని ఎవడో అమ్ముకున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. తన ముఖాన పోసుకుని పిల్లలకు పోసింది. ఇక ఎవడన్నదే ప్రశ్న. దానికీ జవాబు అరుగు మీదే ఉంది. పగులు తెరుచుకుని ఉందంటే, అతకక ముందే ఎవరో మూస తీశారు. అతకక ముందు ముఖం ఎవరి ఇంట్లో ఉంది?

అప్పలస్వామి అందరి మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాయుడు తాత నా వైపు తిరిగాడు.

"బావూ, నువ్వు సదువుకున్నోడివి. అడిగీదానికి సెప్పు. నీ మిసన్తోటి ఇలాటిది సేయొచ్చేటి?"

మా కొట్టులో ఒక కిటుకు ఉంది. బియ్యం పాతవా అని అడిగితే, కావు అని అబద్ధం చెప్పం. "పాతవి మీకిస్తానా?" అని ఎదురడుగుతాం. అడిగినవాడే జవాబు చెప్పుకుని కొనుక్కుని పోతాడు.

"నా మిసను ఎలుగేస్తాది తాతా" అన్నాను. "ఎలుగుతోటి మూసలు తీస్తారేటి ఎక్కడైనా?"

వెనక నుంచి ఒక ముసలమ్మ అందుకుంది. "ఎలుగుతోటి మూసలేటి! రేపు ఊదొత్తుల పొగతోటి బిందెలు కూడా సేస్తారు కావాల!"

నవ్వారు. అంత భయంలోనూ, పిల్లలు జ్వరాలతో పడి ఉన్న ఆ ఊరు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు శబ్దం నాకింకా చెవిలో ఉంది. నవ్వనిది ఒక్క అప్పలస్వామే. ఆయన ఇత్తడి ముఖాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. దాన్ని ముట్టుకోవచ్చా లేదా అని ఎవరూ అడ్డుచెప్పలేదు. వేలితో నుదుటి మచ్చను తడిమాడు. తరవాత ముక్కు పక్కన. చెంప. గడ్డం. ఆ వేలు వెతుక్కోలేదు, తిన్నగా ఒకదాని నుంచి ఒకదానికి నడిచింది. తల ఎత్తి నన్ను చూశాడు.

"బావూ. ఇయ్యి ఆ యేల నానెట్టిన బొట్లు కావేటి?"

నవ్వులు ఆగిపోయాయి. ఊరంతా నా నోటి వైపు చూస్తోంది. అవును అనాలి. ఒక్క మాట. అవును అంటే రేపు ఈ కబురు బస్సెక్కి రాయగడ చేరుతుంది, ఎల్లుండి ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు నా పాసు వెనక్కి తీసుకుంటాడు. అవి నాకు కళ్ల ముందు కనబడ్డాయి. అప్పలస్వామి మొలతాడు మాత్రం కనబడలేదు. కనబడలేదా, చూడలేదా?

"ఆ బొట్లు నువ్వే ఎట్టేవు, నువ్వే ఒలిసి తీసేవు కదా తాతా" అన్నాను. "ఒలిసీసిన కాయితం ఇత్తడిలోకెలాగెల్తాది?"

చూడండి. ఒక్క అబద్ధం లేదు. ఆయనే పెట్టాడు, ఆయనే తీశాడు. మిగిలింది ప్రశ్న. నా జీవితంలో అంత శుభ్రంగా నేను ఏ సరుకూ అమ్మలేదు.

ఆయన మొహంలో కోపం ఉంటుందేమోనని వెతికాను. లేదు. లెక్క తప్పిందేమో అని తనలో తాను మళ్లీ చూసుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

"అవునులే" అన్నాడు. "నానే తీసినాను."

ఎవరూ ఆయన్ను తిట్టలేదు, కొట్టలేదు. నాయుడు తాత నేల వైపు చూస్తూ, "మరి తాళం" అన్నాడు. అప్పలస్వామి మొలతాడు ముడి విప్పడానికి ఇబ్బంది పడ్డాడు. ఏనాడూ విప్పిన ముడి కాదు. చివరికి పంటితో లాగి విప్పి, తాళంచెవిని అరుగు మీద పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ముడి బిగుసుకుపోయినంతసేపూ నాకు సమయం ఉంది. అంతసేపట్లో ఎన్ని నిజాలైనా చెప్పొచ్చు.

పెట్టె తాళం ఆయన తమ్ముడి కొడుక్కు ఇచ్చారు. అప్పలస్వామి ఊరు విడిచి రాయగడలో కూతురి ఇంటికి చేరాడు. నేను ఇంటికి వచ్చి, మర్నాడు ఆ ఫైలు చెరిపేశాను. సిగ్గుతో చెరిపానని చాలాకాలం అనుకున్నాను. కాని ఆయన నిర్దోషి అని చూపించడానికి నా చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. సిగ్గుపడేవాడు సాక్ష్యాన్ని చెరుపుతాడా? వ్యాపారికి ఫోను చేసి ఆ ముఖాన్ని ఇక పోయించవద్దన్నాను. "మీరు ప్రేమగా ఇచ్చిన కొసరు కదండీ, బాగా పోతోంది" అన్నాడు. ఆ ఊరి గుడికి ఫ్యాను కొనిచ్చాను. సున్నం వేయించాను. అమ్మవారితో కూడా బేరమాడానన్నమాట. ఆమె ధర చెప్పలేదు. నేనే పెంచుకుంటూ పోయాను.

ఇంకొకటి జరిగింది. దాన్ని చెప్పకపోతే ఈ రాసినదంతా మళ్లీ తక్కువ తూకమే. ఆటలమ్మ తగ్గాక కూడా ఊరు అమ్మవారి మచ్చలను మరవలేదు. అసలు ముఖం మీద మచ్చల్లేవు. అయినా పండగకు పెట్టె తీయగానే, ఇత్తడి బొమ్మ మీద మచ్చలు ఎక్కడున్నాయో, అమ్మవారి ముఖం మీద సరిగ్గా అక్కడ పసుపూ వేపాకూ నూరిన ముద్ద వేపపుల్ల కొసతో పెడతారు. నుదుట ఒకటి, ముక్కు పక్కన ఒకటి. చల్లబడమ్మా అంటారు. నేనొకసారి గుంపులో నిలబడి చూశాను. పిల్లలు కూడా నేర్చుకున్నారు. నా తరవాత, నా పిల్లల తరవాత కూడా ఆ చోట్లలోనే పెడతారు. అవి ఎందుకు అక్కడున్నాయో తెలిసినవాళ్లం ఇద్దరమే.

అప్పలస్వామి ఇప్పుడు కూతురితో కలిసి అడ్డాకులతో విస్తళ్లు కుడతాడు. మా కొట్టుకూ వేస్తాడు. ఇప్పుడు కొట్టు చూసుకునే మా తమ్ముడు ఊళ్లో లేనప్పుడు నేను కొట్టులో కూర్చుంటాను. ఆయన వచ్చే వేళకు ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేవాణ్ణి. మొన్న చైత్రం ముందు పోలేకపోయాను. కట్టలు దించి, నుదురు తుడుచుకుని, పసుపు కావాలన్నాడు.

"ఊరికి అంపాల. బస్సుకి మావోడెలతన్నాడు."

తూచాను. కాటా చూశాడు. నేను చూడలేదు.

"ఆల్లు గడ్డం కిందది మరిసిపోతన్నారంట" అన్నాడు. "ఎవులు సెప్తారు ఆల్లకి? నాను సెప్తే ఇనరు."

చెప్పాల్సింది నేనే. ఆ మాట ఆయన అనలేదు. నా నోటికి ఏ ప్రశ్నా రాలేదు. ఏం చేయాలో తెలియక, చేయి దాని అలవాటు కొద్దీ డబ్బాలోకి వెళ్లింది. చిటికెడు పసుపు తీసి పొట్లం మీదికి తెచ్చాను. ఆయన అరచేయి చాచి పొట్లాన్ని మూసేశాడు. కోపంగా కాదు. వాన చినుకు పడకుండా మూసినట్టు.

"కొసరొద్దు బావూ. తూకం సాలు."

పొట్లం కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ చిటికెడు పసుపు నా వేళ్ల మధ్యే ఉండిపోయింది.

ఆయనకు ఎంత తెలుసు? అడగలేదు. అడిగితే మళ్లీ ప్రశ్న వేసినట్టవుతుంది, నా ప్రశ్నలు ఎలాంటివో మీకు తెలుసు. అందుకని ఆ అరుగు మీద చెప్పాల్సిన వాక్యాన్ని ఇక్కడ, ప్రశ్న లేకుండా రాస్తున్నాను. ఠాకురాణి రూపాన్ని ఊరు దాటించింది అప్పలస్వామి కాదు. నేను. ఎవరూ బలవంతం చేయలేదు, అవసరం కూడా లేదు. కొసరుగా ఇచ్చాను.

రాశాను. ఆయన తాళం ఆయనకు రాలేదు. రాయడం వల్ల రాదు కూడా. ఆ ఊరికి వెళ్లి ఇదే వాక్యం చెప్పే ధైర్యం రేపు నాకు ఉంటుందో లేదో ఈ క్షణాన నాకు తెలియదు, ఉంటుందని మీకు మాటిచ్చి మార్కులు కొట్టేయను. ఛాతీ మీది నుంచి ఏదో కాస్త జరిగింది, అంతే. మీరేమీ అనక్కర్లేదు. ఈ ఒక్కదాంట్లో నేను బేరమాడను.